నెల్లూరు–డాలస్ మధ్య మీడియేషన్: తొమ్మిదేళ్ల పాప మాట ఎవరు వినాలి, ఎలా వినాలి?

వేదాయపాళెం టీచరమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. కోవూరు మండలంలో 32 ఏళ్లు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఒకటో తరగతి పిలకాయలకి చెయ్యి పట్టి పలక మీద దిద్దించడమే నా పని. అంతమంది పిలకాయల్ని చూసినదాన్ని, సొంత మనవరాలి దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి, అల్లుడు డాలస్ దగ్గర పదకొండేళ్లు కాపురం ఉన్నారు. పాప అక్కడే పుట్టింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. మొన్న మార్చిలో అమ్మాయి పాపని తీసుకుని నెల్లూరు వచ్చింది. నెల రోజులుంటానని వచ్చింది, రిటర్న్ టికెట్ తేదీ దాటిపోయింది, వెళ్లలేదు. కొట్టడం, తాగడం లాంటివేం లేవు. రెండేళ్లుగా ఒకే ఇంట్లో మాటా పలుకూ లేకుండా ఉన్నారు, అంతే. అల్లుడు అక్కడి కోర్టులో వేశాడు, అమ్మాయి ఇక్కడ ఫ్యామిలీ కోర్టులో వేసింది. తప్పెవరిదో ఈ పోస్టులో రాయను. అల్లుడు ఒంగోలు వాళ్ల అబ్బాయి. మా వియ్యంకులు, ఆ అన్నయ్యగారు, వదినగారు ఇప్పటికీ నెలకోసారి రైలెక్కి వచ్చి పాపని చూసి పోతారు. వాళ్లు వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరం కేసు మాట ఎత్తం.

లాయర్లు ఇద్దరూ మాట్లాడుకుని, మధ్యవర్తుల ముందు కూర్చుని రాజీ మాట్లాడుకునే మీడియేషన్‌కి ఒప్పించారు. ఆన్‌లైన్‌లోనే. మాకు పొద్దున ఏడు గంటలు, అల్లుడికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. మీడియేటర్లు ఇద్దరు, ఒకరు ఇక్కడివారు, ఒకరు అమెరికాలో ఉండేవారు. రెండు సిట్టింగులు అయ్యాయి. రెండో సిట్టింగు చివర వాళ్లు ఒక మాట అడిగారు: "పాప ఏమనుకుంటుందో వినే ఏర్పాటు చెయ్యమంటారా?"

అంతే, ఇంట్లో మళ్లీ గొడవ. ఆరు నెలలుగా మీ దగ్గరే ఉంది, మీరు నేర్పిందే చెప్తుంది అని అల్లుడు. దానికి ఇవేవీ తెలియకూడదు, చిన్నపిల్ల అని అమ్మాయి. పాప ఎవరి దగ్గరుంటానంటే అక్కడ ఉంచండి, పీడా పోతుంది అని మా ఆయన.

మా చిన్నప్పుడు ఊళ్లో ఇట్లాంటి తగువు వస్తే పెద్దమనుషులు అరుగు మీద కూర్చునేవాళ్లు. పిలకాయలం తొంగి చూస్తే "మీకిక్కడేం పనిరా, పొండి అవతలికి" అని తరిమేవాళ్లు. లేదంటే చివర్లో బిడ్డని నడిమధ్యకి పిలిచి "అమ్మ కావాలా, నాయన కావాలా" అని అడిగేవాళ్లు. నేను చూసినవి ఈ రెండు పద్ధతులే. మా పాపకి ఈ రెండూ వద్దు. ఇంకో పద్ధతి ఉందేమో నాకు తెలియదు.

"దానికేం తెలియదు" అనే మాట మాత్రం నిజం కాదు. పోయిన వారం పాప నన్ను అడిగింది: "అమ్మమ్మా, నాన్న ఫోన్ రాగానే కిచెన్‌లో సౌండ్ ఎందుకు ఆగిపోతుంది?" నాకు గుండె ఆగినంత పనయింది. అల్లుడు మాకు ఉదయం ఆరున్నరకి చేస్తాడు. ఆ టైములో నేను అంట్లు తోముతుంటాను, అమ్మాయి టిఫిన్ బాక్సు సర్దుతుంటుంది. ఫోన్ మోగగానే కుళాయి కట్టేస్తాం, మాటలు వినపడాలని. కుళాయి కట్టేది నేనే. ఆ పిల్ల ఆరు నెలలుగా అది గమనిస్తూనే ఉంది.

ఇంకోటి. నా దగ్గర పాత మార్కాపురం పలక ఒకటుంది, చెక్క ఫ్రేముది. పాప దాన్ని తీసుకుని రోజూ పైన డాలస్ టైము, కింద నెల్లూరు టైము రాస్తుంది. ఈమధ్య ఒక పక్కన తీసివేతలు, కూడికలు చేస్తోంది. ఏంటమ్మా లెక్కలు అంటే అరచేత్తో తుడిచేసింది.

పాపని మాట్లాడనివ్వాలా? ఇస్తే ఎవరి ముందర? ఎట్లా అడగాలి? ఇట్లాంటివి చూసినవాళ్లు, అనుభవించినవాళ్లు చెప్పండి. అల్లుడిని గానీ అమ్మాయిని గానీ తిట్టే మాటలు రాయొద్దని మనవి.

---

నెల్లూరు నుంచి ఒక వకీలు రాశారు:

టీచరమ్మా, నమస్తే. నేను ఇక్కడే ప్రాక్టీసు చేస్తాను. మీ కేసు కాగితాలు చూడలేదు కాబట్టి చట్టం సంగతి వరకే చెప్తాను.

మొదట పెద్ద విషయం. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లిపోతే తిరిగి పంపించడం మీద దేశాల మధ్య 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది. అమెరికా అందులో ఉంది, ఇండియా లేదు. చేరాలని లా కమిషన్ 2009లోనే 218వ నివేదికలో చెప్పింది, చేరలేదు. అందుకని అక్కడి కోర్టు పాపని పంపమన్నా ఇక్కడ అది నేరుగా అమలు కాదు. అలాగని ఇక్కడి వాళ్లు పాప మనకే అని ధీమాగా ఉండటానికీ లేదు. విదేశీ కోర్టు ఆర్డరు చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ మేలే అన్నిటికన్నా ముఖ్యం అని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. బిడ్డ మేలు చూసి అమెరికాకి తిరిగి పంపమన్న తీర్పులూ ఆ తర్వాత వచ్చాయి. అంటే ఇది ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే మీవాళ్లు మీడియేషన్‌కి కూర్చోవడం మంచి పని.

బిడ్డ మాట గురించి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది. దాని 17వ సెక్షన్‌లో, ఆలోచించి ఇష్టం చెప్పగల వయసు వచ్చిన బిడ్డయితే కోర్టు ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చు అని ఉంది. వయసు అంకె వెయ్యలేదు. జడ్జిగారు చాంబర్‌లో పిలిచి మాట్లాడతారు. టెక్సాస్‌లో అయితే పన్నెండేళ్లు నిండిన బిడ్డతో, ఒక పక్షం అడిగితే, జడ్జి మాట్లాడి తీరాలి. పన్నెండు లోపు వాళ్లతో మాట్లాడటం జడ్జి ఇష్టం. మీ పాపకి తొమ్మిది.

అయితే బిడ్డ కోరికా, బిడ్డ మేలూ ఒకటి కావు. 2022 జూలైలో కర్ణాటక నుంచి వెళ్లిన ఇట్లాంటి కేసులోనే సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచి చెప్పింది. "పాప ఎటంటే అటు" అని మీ సార్ అన్న మాట అందుకే చట్టం ముందు కూడా నిలవదు. పాప చెప్పింది వింటారు, బరువు పాప మీద వెయ్యరు.

మీడియేషన్‌లో పాప అన్న మాట రేపు కోర్టులో అఫిడవిట్‌గా తేలకూడదు. ముందే రెండు పక్షాల చేతా రాతలో ఒప్పించుకోండి: పాప మాటలు ఏ దేశపు కోర్టులోనూ వాడము, విన్నవారిని సాక్షిగా పిలవము, రికార్డు చెయ్యము అని. ఇది లేకుండా పాపని కూర్చోబెట్టొద్దు. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ 15100. దేశాల మధ్య బిడ్డల తగాదాల కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ 2018లో ఒక మీడియేషన్ సెల్ కూడా పెట్టింది.

---

కందుకూరు కుర్రాడు రాశాడు:

టీచరమ్మ గారూ, నాకు 24 ఏళ్లు. మీరు రాసిన రెండో పద్ధతి నా మీద జరిగింది.

మా నాన్న సింగపూర్‌లో ఉండేవాడు. అమ్మ మమ్మల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. నాకు పదేళ్లు, చెల్లికి ఆరు. నాన్న సెలవు పెట్టుకుని వచ్చాడు. మా తాత ఇంటి హాల్లో పద్నాలుగు మంది కూర్చున్నారు. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. చివర్లో ఒక పెద్దాయన నన్ను పిలిచి, వీపు మీద చెయ్యేసి, "చెప్పరా అబ్బయ్యా, ఎవరి దగ్గరుంటావు" అన్నాడు. అమ్మ నా వైపు చూడలేదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. అమ్మ దగ్గర అన్నాను.

నాన్న ఏం అనలేదు. లేచి గడప దాటి చెప్పులు వేసుకుంటున్నాడు. బొటనవేలు చెప్పులోకి దూరలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకునే కారు దగ్గరికి నడిచి వెళ్లాడు. అది ఎండాకాలం.

ఆ పెద్దమనుషులు అంతకుముందే అన్నీ మాట్లాడేసుకున్నారనీ, నేను ఏం చెప్పినా అమ్మ దగ్గరే ఉంచేవాళ్లనీ నాకు ఇంటర్ చదివేటప్పుడు తెలిసింది. అప్పటిదాకా నాన్నని పంపించేసింది నేనే అనుకున్నాను. ఆ ఏడేళ్లలో ఒక్కరు కూడా, "నీ మాట వల్ల కాదురా" అని చెప్పలేదు.

మా చెల్లిని ఎవరూ ఏం అడగలేదు, చిన్నది కదా అని. దానికి ఇప్పుడు 20. ఆరోజు నన్ను పక్కింట్లో కూర్చోబెట్టి మురుకులు పెట్టారు అని ఇప్పటికీ కోపంగా చెప్తుంది. అడిగినందుకు నాకు బాధ, అడగనందుకు దానికి బాధ. ఇద్దరివీ నిజమైన బాధలే.

మీ పాపకి ముందు రోజు చెప్పండి, ఆ రోజు చెప్పండి, అయ్యాక మళ్లీ చెప్పండి: నిర్ణయం నీది కాదు, పెద్దవాళ్లది అని. మీ నోటితో కాకుండా వాళ్ల అమ్మ, నాన్న నోటితో చెప్పించండి.

---

ఒంగోలు ఆడపడుచు, ఇంగ్లండ్ నుంచి రాశారు:

టీచర్ గారూ, మాది ఒంగోలు, సంతపేట. పదమూడేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను, ఫ్యామిలీ మీడియేటర్‌గా పనిచేస్తున్నాను. పిల్లలతో మాట్లాడే శిక్షణ విడిగా తీసుకున్నాను. మీరు అడిగిన ఇంకో పద్ధతి ఉంది. నేను చేసే పని అదే.

ఇంగ్లండ్‌లో పదేళ్లు, ఆపైన ఉన్న పిల్లలకి "నువ్వు మాట్లాడతావా" అని అడిగే అవకాశం ఇవ్వాలన్నది మా వృత్తి నియమం. తొమ్మిదేళ్ల పిల్లలతో కూడా మాట్లాడతాం, పిల్లని బట్టి. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో ఉన్నది ఇదే: తనకి సంబంధించిన విషయంలో బిడ్డ మాట వినాలి, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి. ఇండియా 1992లో అందులో చేరింది. అమెరికా ఇప్పటికీ ఆమోదించలేదు. అయినా అక్కడి మీడియేటర్లలో చాలామంది పిల్లల మాట వింటారు.

పద్ధతి ఎట్లా ఉంటుందంటే, మీ పాప మీ వాళ్ల సిట్టింగులో కూర్చోదు. ఎప్పటికీ కూర్చోదు. పాపతో మాట్లాడే మనిషి వేరే ఉంటారు. మీ పక్షమూ కాదు, వియ్యంకుల పక్షమూ కాదు. వీలైతే ఆ ఇద్దరు మీడియేటర్లలో ఒకరు కూడా కాకూడదు. ఆస్ట్రేలియాలో ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నారు. అక్కడ పిల్లల నిపుణురాలు విడిగా పాపని కలిసి, తర్వాత తల్లిదండ్రుల దగ్గరికి వచ్చి విన్నది చెప్తుంది. మీకూ అదే సరిపోతుందనుకుంటాను.

ముందు తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. తర్వాత పాప ఒప్పుకోవాలి. వద్దు అంటే వద్దు. ఆ వద్దు అన్నది కూడా పాప మాటే. బలవంతం పెట్టి, చాక్లెట్ ఇప్పించి, "ఆంటీతో బాగా మాట్లాడు" అని పంపకండి.

మేం "ఎవరి దగ్గరుంటావు" అని అడగం. ఆ ప్రశ్న మా గదిలోకే రాదు. నీ మామూలు రోజు ఎట్లా గడుస్తుంది, ఏది కష్టంగా ఉంది, అమ్మా నాన్నలకి ఏం తెలిస్తే నీకు బాగుంటుంది, ఇట్లా అడుగుతాం. పిల్లలు చెప్పేవి మనం ఊహించినవి కావు. ఒక బాబు నాతో, రెండిళ్ల మధ్య తిరిగేటప్పుడు తన బ్యాగు అందరికీ కనపడేలా మోసుకెళ్లడం ఇష్టం లేదన్నాడు. తల్లిదండ్రులు ఎనిమిది నెలలు లాయర్లతో వాదించుకున్న కాగితాల్లో బ్యాగు అనే మాటే లేదు.

చివర్లో పాపకి చదివి వినిపిస్తాం: "నేను అమ్మా నాన్నలకి చెప్పబోయేది ఇదీ. ఏది తీసెయ్యాలి?" పాప కొట్టెయ్యమన్నది కొట్టేస్తాం. అది పాప సొత్తు. ఒక్క మినహాయింపు: పాపకి ఎవరివల్లనైనా హాని జరుగుతుందని తెలిస్తే దాచం. ఆ సంగతి మొదట్లోనే పాపకి చెప్తాం. తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరికీ ఒకేసారి, ఒకే మాటల్లో చెప్తాం. ఒకరికి ముందు, ఒకరికి వెనక చెప్తే మళ్లీ గొడవ.

మీ అల్లుడి భయం గురించి. ఆ భయం న్యాయమైనదే, తోసెయ్యకండి. నేర్పించిన మాటలు చాలావరకు తెలుస్తాయి. పెద్దవాళ్ల మాటలు వాడతారు, ఉదాహరణ అడిగితే ఉండదు, ఒకరిలో అంతా మంచే, ఇంకొకరిలో అంతా చెడే అంటారు. "అక్కడ నాకు ఎమోషనల్ సపోర్ట్ లేదు" అని తొమ్మిదేళ్ల పిల్ల అంటే నేను కాస్త ఆగుతాను. "నాన్న ఫోన్ రాగానే కిచెన్‌లో సౌండ్ ఆగిపోతుంది" అంటే అది ఎవరూ నేర్పింది కాదు.

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో వద్దు. తలుపు వెనక ఎవరున్నారో పాపకి తెలుసు. నెల్లూరులోనే బయట ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుంటే మేలు. ఒకసారి మీరు తీసుకెళ్తే ఇంకోసారి ఒంగోలు తాతగారు తీసుకెళ్లాలి. దింపి వెళ్లిపోవాలి, వరండాలో కూర్చోకూడదు.

భాష గురించి ఎవరూ ఆలోచించరు, నేను మాత్రం ముందు అదే అడుగుతాను. మీ పాపకి స్కూలు, స్నేహితులు, భయాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. అమ్మమ్మ, అన్నం, అలక తెలుగులో ఉంటాయి. వినే మనిషికి రెండూ రావాలి. మధ్యలో చుట్టాల్ని పెట్టి అనువాదం చేయించొద్దు. పిల్లలు ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి, కష్టమైన చోట ఇంగ్లిష్‌లోకి జారతారు. ఆ జారిన చోటే అసలు సంగతి ఉంటుందని నా అనుభవం.

ఒక హెచ్చరిక. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్న కేసుల్లో ఇది ఇట్లా చెయ్యకూడదు. ముందు రక్షణ సంగతి చూడాలి. మీరు లేదన్నారు కాబట్టే ఇంత రాశాను. వినే ఆవిడ ఈ సంగతి తల్లినీ తండ్రినీ విడివిడిగా అడగాలి.

---

పొదిలి నాన్న, న్యూజెర్సీ నుంచి:

అమ్మా, నేను మీ అల్లుడి స్థానంలో ఉన్నవాడిని. మా బాబుకి పదకొండేళ్లు, తల్లితో పొదిలిలో ఉన్నాడు. నేను కూడా ఇదే మాట అన్నాను, నేర్పిందే చెప్తాడు అని. మూడు నెలలు ఒప్పుకోలేదు.

నా కోపమల్లా ఒకటే. నేను ఫోన్ చేస్తే బాబు ఎత్తడు. వాళ్ల అమ్మే ఎత్తనివ్వడం లేదని నాకు గట్టి నమ్మకం. కాల్ లాగ్ ప్రింట్లు తీసి లాయరుకి ఇచ్చాను.

చివరికి ఒప్పుకున్నాను. బాబు చెప్పి పంపిన మాట ఇది: "నాన్న ప్రతిసారీ ఎప్పుడొస్తావు అని అడుగుతాడు. నాకు తెలియదు. తెలియదంటే నాన్న గొంతు మారిపోతుంది. అందుకే ఎత్తను."

నేను రోజూ అడిగిన ప్రశ్నే అది. ప్రేమతోనే అడిగాను. ఆ ప్రశ్న మానేశాను. ఇప్పుడు ఇద్దరం ఫోన్లో చదరంగం ఆడుతున్నాం, రోజుకి నాలుగైదు ఎత్తులు. మా కేసు ఇంకా తేలలేదు. మీ అల్లుడికి ఈ పోస్టు చూపించండి. మాట్లాడాలంటే నేను మాట్లాడతాను.

---

వేదాయపాళెం టీచరమ్మ (అయిదు వారాల తర్వాత):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ముందు కందుకూరు బాబుకి: నాయనా, నీ పోస్టు మా ఆయన చేత చదివించాను. చదివి చాలాసేపు వాకిట్లో కూర్చున్నాడు. "ఎవరి దగ్గరుంటానంటే అక్కడ" అన్న మాట మళ్లీ అనలేదు.

పొదిలి అబ్బాయి పోస్టు అల్లుడికి పంపాను. రెండు రోజులకి, ఒప్పుకుంటున్నా అత్తమ్మా అని మెసేజ్ వచ్చింది. వకీలుగారు చెప్పినట్టు ముందు కాగితం రాసుకున్నాం, ఇద్దరూ సంతకాలు పెట్టారు.

వినడానికి ఒక డాక్టరమ్మ దొరికింది. పిల్లల మనస్తత్వ నిపుణురాలు, తెలుగూ ఇంగ్లిషూ రెండూ బాగా వచ్చు. రెండు పక్షాల్లో ఎవరికీ తెలిసినవారు కాదు. మొదటిసారి నేను తీసుకెళ్లాను. పాప పలక సంచిలో పెట్టుకుంది. దింపేసి నేను మాగుంట లేఅవుట్ దాకా నడిచి వెళ్లి మళ్లీ వచ్చాను. గంటలో ఎన్నిసార్లు వాచీ చూసుకున్నానో. రెండోసారి ఒంగోలు అన్నయ్యగారు పొద్దున రైలుకి వచ్చి తీసుకెళ్లారు.

మొదటిరోజు ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు పాప తనంతట తనే అంది: "అమ్మమ్మా, నేను ఎవర్నీ సెలెక్ట్ చెయ్యక్కర్లేదంట." అని నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఇల్లు వచ్చినా లేవలేదు. ఆటో అబ్బాయి కూడా ఏమీ అనకుండా ఆగాడు.

డాక్టరమ్మ అల్లుడికీ అమ్మాయికీ ఒకేసారి మూడు సంగతులు చెప్పారు. అమ్మాయి, అల్లుడు, పాప ముగ్గురూ సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది ఆ పలక మీది లెక్క. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పటినుంచి అల్లుడికి రాత్రి ఎనిమిది అంటే మనకి ఏడున్నర. పాప స్కూలు బస్సు ఏడూ నలభైకి వస్తుంది. పది నిమిషాల్లో నాన్నతో ఏం మాట్లాడాలి, బస్సు పోతే ఏం చెయ్యాలి అని ఆ పిల్ల నెల రోజులుగా ఒంటరిగా లెక్కలు వేసుకుంటోంది. రెండు కోర్టుల కాగితాల్లో ఇది లేదు. ఆదివారం ఎక్కువసేపు, మామూలు రోజుల్లో తక్కువసేపు కావాలని అడిగింది. రోజూ అయిదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడే హక్కు దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఉండాలని సుప్రీంకోర్టు 2020లో అన్నదట, మీడియేటర్ చెప్పారు. అందుకని రోజూ పది నిమిషాలు, ఆదివారం ఎంతసేపైనా అని రాసుకున్నారు. అల్లుడు ఆఫీసు నుంచి గంట ముందు వస్తానన్నాడు.

రెండోది గోడ. వీడియో కాల్‌లో అల్లుడి వెనక పాప వేసిన బొమ్మలు అతికించిన గోడ ఉండేది. ఆగస్టులో ఒకరోజు ఆ గోడ ఖాళీగా, తెల్ల రంగు వేసి కనపడింది. పాప ఎవర్నీ అడగలేదు. తన గదిలో ఇంకెవరో ఉంటున్నారేమో, తను ఇక రాదని నాన్న అనుకున్నాడేమో అనుకుంది. రెండు నెలలు కడుపులో పెట్టుకుంది. అల్లుడు ఇల్లు అమ్మకానికి పెట్టాడట, అందుకు రంగు వేయించాడు. చిన్నపిల్లకి ఎందుకులే అని చెప్పలేదు. డాక్టరమ్మ ఈ మాట చెప్పినప్పుడు అల్లుడు కెమెరా ఆపేసి అయిదు నిమిషాల తర్వాత వచ్చాడు. ఆ ఆదివారం ఫోన్ తిప్పి పాపకి అట్టపెట్టెలు చూపించాడు. ఒక్కో పెట్టె మీద పాప పేరు. ఒక పెట్టె విప్పి ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే కెమెరా ముందు పట్టుకున్నాడు. పాప వాటిలో రెండు పారెయ్యమంది, చిన్నప్పటివి, బాగాలేవంది.

మూడోది కుళాయి. ఇప్పుడు ఫోన్ రాగానే నేనూ అమ్మాయీ మేడ మీదికి వెళ్లిపోతున్నాం. అంట్లు తర్వాత తోముకోవచ్చు.

నాలుగోది ఒకటుందట. చెప్పొద్దని పాప అన్నదట, డాక్టరమ్మ చెప్పలేదు. హాని సంగతి మాత్రం కాదన్నారు. అమ్మాయి రెండు రోజులు తల్లడిల్లింది. నేనూ అడగలేదు.

పాప ఎక్కడుండాలనేది ఇంకా తేలలేదు. ఈ ఏడాది చదువు ఇక్కడే పూర్తి చెయ్యాలని, ఏప్రిల్ చివర్లో సెలవులివ్వగానే డాలస్ వెళ్లి స్కూలు తెరిచే జూన్ 12 లోపు రావాలని మాత్రం ఒప్పుకున్నారు. మొదట జూన్, జూలై అని పట్టుబట్టాడు అల్లుడు, అక్కడి సెలవులు అవి కాబట్టి. ఇక్కడ స్కూలు అప్పటికే మొదలవుతుందని ఎవరికీ తట్టలేదు.

వకీలుగారూ, మీకు ఒక్క ప్రశ్న. పాప విమానం ఎక్కేలోపు ఈ ఒప్పందం మీద రెండు దేశాల కోర్టుల్లోనూ ఒకే రకం ఆర్డరు, మిర్రర్ ఆర్డరు అంటారట, తెచ్చుకోవాలని మీడియేటర్లు చెప్పారు. ఇక్కడ ఇప్పటికే నడుస్తున్న కేసులోనే అది అడగొచ్చా, విడిగా వెయ్యాలా?

---

నెల్లూరు వకీలు:

నడుస్తున్న కేసులోనే, ఇద్దరి సంతకాలతో రాజీ మెమోగా వెయ్యొచ్చు టీచరమ్మా. తిరిగి వచ్చే తేదీ, టికెట్, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ అందులో స్పష్టంగా రాయించండి. అమెరికా కోర్టు ఆర్డరు ఇక్కడ నేరుగా అమలు చేసుకునే వీలు లేదు, అందుకే రెండు చోట్లా కావాలి. ముఖ్యంగా, అక్కడ అమ్మాయి మీద వారెంటు గానీ క్రిమినల్ ఫిర్యాదు గానీ ఏదైనా ఉందేమో అక్కడి లాయరు చేత ముందు రాతలో కనుక్కోండి. ఉంటే అది తీసేయించాకే టికెట్ కొనండి. కాగితాలు తీసుకుని సోమవారం సాయంత్రం ఎవరైనా ఫ్యామిలీ కేసుల లాయరు దగ్గరికి వెళ్లండి, ఏప్రిల్ అంటే మీకు ఉన్నది ఆరు నెలలే.